బీజాన్ విన్న చప్పుడు

ఆ చప్పుడు మొదట విన్నది బీజానే. వినడానికి ఆ కారులో ఇంకెవరున్నారు గనక! స్టీరింగు పట్టుకున్న అబ్దుల్ రహిమాన్‌కు చెవులు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. మీసాలు రాని వయసు నుంచీ దూది ఏకే మిషను పక్కన నిలబడిన మనిషికి వినికిడి ఏపాటి మిగులుతుందో వేరే చెప్పాలా? కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గర గట్టిగా మాట్లాడితే మనిషి గొంతు తెలుస్తుంది. అంతకన్నా సన్నటివేవీ ఆ చెవికి ఆనవు. అందుకే బీజాన్ ఎంత నీరసంగా ఉన్నా వెనక సీట్లో పడుకోదు. ముందర, మొగుడి ఎడమ చెవి పక్కనే కూర్చుంటుంది.

శుక్రవారం నంద్యాలలో డయాలిసిస్ చేయించుకుని ఆళ్లగడ్డకు తిరిగొస్తున్నారు. శిరివెళ్ల దాటాక స్పీడు బ్రేకరు ఎక్కి దిగేసరికి ఆమె కళ్లు తెరిచింది.

"ఏమయ్యా, కాళ్ల కింద ఏందో కటక్ కటక్ అంటాంది."

రహిమాన్ వేగం తగ్గించాడు. తనకు ఏమీ వినబడలేదు, స్టీరింగులోనూ తేడా తెలియలేదు. అయినా బీజాన్ విన్నదంటే విన్నట్టే. పెళ్లయినప్పటి నుంచి అతనికి ఆమె చెవులే చెవులు. వాళ్ల పరుపుల అంగడికి వచ్చేవాళ్లు బేరం రహిమాన్‌తో ఆడరు, బీజాన్‌తోనే ఆడతారు. ఫోను మోగితే ఆమె ఎత్తుతుంది. మసీదులో అజాన్ పడితే ఆమె భుజం తడుతుంది. వీధిలో ఎవడైనా నోరు పారేసుకుంటే, ఏమన్నాడో ఉన్నదున్నట్టు అప్పజెబుతుంది, ఒక్క తిట్టు కూడా తగ్గించదు మహాతల్లి. ఆమె వినింది, ఇతను నమ్మాడు. కాపురమంతా అట్లాగే గడిచిపోయింది.

ఆ కారు లేకపోతే బీజాన్ లేదు. ఆ సంగతి అతనికి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. కిడ్నీలు చెడి నాలుగేళ్లవుతోంది. వారానికి మూడు సార్లు నంద్యాల పోవాలి, మిషను మీద పడుకోవాలి, రావాలి. మొదట్లో బస్సులో తిరిగారు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో ఆమె బస్సులోనే కళ్లు తిరిగి పడిపోతే, జనం కాళ్ల మధ్య నుంచి ఎత్తి బయటికి తెచ్చుకున్నాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, ఇంక ఈమెను బస్సెక్కించనని. ఎవరో వాడి వదిలేసిన ఆ పాత తెల్ల కారును తెచ్చుకున్నాడు, ముసలితనంలో డ్రైవింగు నేర్చుకున్నాడు. అద్దాల్లో చూసుకుంటూ, మెల్లగా, ఎడమ పక్కనే నడుపుతాడు. హారన్లు కొట్టి కొట్టి వెనకవాళ్లు తిట్టుకుంటారు. ఆ తిట్లు వినబడకపోవడం ఒక్కటే ఆ చెవుల వల్ల కలిగిన సుఖం.

ఇంటికి రాగానే మెకానిక్ మోషేకు ఫోను చేయించాడు. మోషే ఊళ్లో లేడు. మామ చనిపోతే సున్నిపెంటకు పోయాడు, చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక అయ్యేదాకా రాలేడు. వేరే షెడ్డుకు పోతే బండి విప్పి నాలుగు దినాలు అట్లే పెడతారన్న భయం రహిమాన్‌ది. సోమవారం మళ్లీ నంద్యాల పోవాలి కదా! మోషే మంచివాడు కాబట్టి ఫోనులోనే వైద్యం చెప్పాడు. అతను చెప్పడం, బీజాన్ వినడం, విన్నది మొగుడి చెవిలో అరిచి చెప్పడం. బండిని చదునైన చోట పెట్టాలి. బానెట్టు మూల పట్టుకుని కిందికి నొక్కి వదలాలి. అప్పుడు చప్పుడొస్తే షాకబ్జరు పైన చూడాలి. అట్లా రాకుండా, ఒక చక్రాన్ని మాత్రమే ఇటుక మీదికి ఎక్కించి దింపినప్పుడు వస్తే, ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా పోయే కడ్డీ ఉంటుంది, దాన్ని పట్టుకునే రబ్బరు బుష్షు అరిగినట్టు. చక్రాన్ని జాకీ మీద లేపి కిందా పైనా పట్టుకుని ఊపితే లూజు ఉండకూడదు. లూజు ఉంటే మటుకు చక్రం విరుచుకుపోతుంది, బండిని కదిలించొద్దు, నేనొచ్చేదాకా అట్లే పెట్టండి అన్నాడు. ఇదంతా బీజాన్ ఒక్క ముక్క పోకుండా చెప్పింది.

ఆదివారం పొద్దున టీ తాగి ఇద్దరూ పనికి కూర్చున్నారు. ఇంటి ముందరి బండపరుపు మీద కారు, పక్కన స్టూలు మీద బీజాన్. బానెట్టు నొక్కాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. ఇటుక పెట్టి ఎడమ చక్రం ఎక్కించి దింపాడు, ఆమె చెయ్యి పైకెత్తింది. మళ్లీ చేశాడు, మళ్లీ ఎత్తింది. రహిమాన్ మొహం వెలిగిపోయింది. జాకీ పెట్టి, బండి కూలకుండా కింద రాళ్లు పేర్చి, బొంత పరుచుకుని దాని కిందికి దూరాడు. మోషే చెప్పిన కడ్డీ కనబడింది. దాన్ని పట్టుకునే రబ్బరు ఎండిపోయి, చెక్కలుగా లేచి, కడ్డీకీ రబ్బరుకీ మధ్య వేలు దూరేంత సందు ఉంది.

పరుపులు కుట్టేవాడికి లోకంలో ప్రతి రోగానికీ ఒకటే మందు. సందు కనబడితే కుక్కెయ్, గట్టిగా బిగించెయ్. పాత లారీ ట్యూబు ముక్క కోసి, కడ్డీకి మడతలు మడతలుగా చుట్టి, పైన రబ్బరు కూర్చోబెట్టి, క్లాంపు బిగించాడు. పరుపు మూల కుట్టినంత శ్రద్ధగా చేశాడు. చక్రాలు పట్టుకుని ఊపి చూశాడు, రాయిలా నిలబడ్డాయి. బయటికొచ్చి, చేతులు తుడుచుకోకుండానే బండెక్కి ఇటుక మీదికి పోనిచ్చాడు. బీజాన్ కేసి చూశాడు.

ఆమె చెయ్యి వెంటనే లేవలేదు. అతని మొహం చూసింది, మసి పూసుకున్న చేతులు చూసింది.

"వస్తాందయ్యా," అని చెయ్యి పైకెత్తింది.

నీరుగారిపోయాడు పాపం. ఈసారి యాడినుంచి అని అడిగితే, పైనుంచి అని వేలు చూపించింది. సరే, పైన చూద్దాం అనుకున్నాడు. పొద్దు వంగేదాకా షాకబ్జరు పై కప్పు విప్పడం, రబ్బరు పెట్టడం, బిగించడం. వస్తాంది అంటుంది. మళ్లీ విప్పడం. సోమవారం పొద్దున, పోనీ మెల్లగా పోదాం పదమ్మే, బండి కదలకుండా ఏమీ లేదు కదా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. హైవే మీద చక్రం విరుచుకుపోతే ఇద్దరికీ ఏం గతి, నా సంగతి సరే, నువ్వు పోతే పర్వీన్‌కు దిక్కెవరు అంది. పర్వీన్ వాళ్ల కూతురు, చాగలమర్రిలో కాపురముంటోంది. అల్లుడికి ఆటో ఉంది, పిలుద్దామా అంటే అల్లుడి ముందర చెయ్యి చాపొద్దు అంది. ఒక్క దినం ఆలస్యమైతే ఏం కాదని డాక్టరమ్మే అప్పుడెప్పుడో అన్నదంది. సాయంత్రం ఆసుపత్రి వాళ్లు ఫోను చేస్తే ఆమే మాట్లాడి, వీలైనప్పుడు రమ్మన్నారని చెప్పింది.

ఆ మాట రహిమాన్‌కు కొంచెం తేడాగానే తోచింది. అయినా బీజాన్ చెప్పింది కదా!

మంగళవారం, బుధవారం కూడా అదే బాగోతం, రేపు పోదాంలే అని ఆమె అంటూనే ఉంది. చప్పుడు ఒకసారి కుడి పక్కనుంచి వస్తుంది, ఇంకోసారి డ్యాష్‌బోర్డులోంచి వస్తుంది. అతను డ్యాష్‌బోర్డు సందుల్లో దూది కుక్కాడు. డిక్కీలోని జాకీకీ పానాలకూ బొంతగుడ్డలు చుట్టాడు. స్టెప్నీ చుట్టూ పీచు కూరాడు. కింద కనబడిన ప్రతి బుష్షునూ విప్పి, తుడిచి, ట్యూబు ముక్క పెట్టి బిగించాడు. కారు అచ్చం పరుపైపోయింది, పైన గలీబు తొడిగితే అంగట్లో అమ్ముకోవచ్చు. అయినా ఇటుక దిగిన ప్రతిసారీ స్టూలు మీదినుంచి ఆ చెయ్యి పైకి లేస్తూనే ఉంది.

చిత్రమేమిటంటే బీజాన్ ఆ దినాల్లో హుషారుగా ఉంది. పొద్దున్నే తల దువ్వుకుంది. ఉగ్గాని చేసింది. చెంబు నిండా మజ్జిగ తాగింది. నీళ్లు కొలిచి తాగాల్సిన మనిషి అట్లా గటగటా తాగుతుంటే రహిమాన్‌కు భయమేసింది. వద్దమ్మే అంటే, ఎండ చూడు, ఒక్క దినానికి ఏం కాదులే అంది. తోపుడు బండివాణ్ణి పిలిచి అరటిపండ్లు తీసుకుంది. అరటిపండు తినొద్దని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఆమె తొక్క తీసి, సగం తుంచి మొగుడి నోట్లో పెట్టి, తక్కిన సగం కళ్లు మూసుకుని తినింది. బండి కింద పడుకున్న వాడితో ఎప్పటెప్పటివో కబుర్లు చెప్పింది. వాటిలో చాలావరకు అతనికి వినబడలేదు. అయినా ఆమె గొంతు ఆగకుండా పోతోందని తెలిసి, లోపలే నవ్వుకుంటూ బోల్టులు తిప్పాడు. నయమవుతోందేమో అన్న పిచ్చి ఆశ కూడా పుట్టింది.

బుధవారం సాయంత్రానికి కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడింది, పడిన గుంట లేవలేదు. గురువారం పొద్దుటికి మొహం కూడా ఉబ్బింది, మంచం మీద పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చుంది. బండి ఎట్లా ఉంటే అట్లా తీసుకుపోతానని రహిమాన్ తాళం చేత బట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మోషే వచ్చాడు. తెల్లారుజామున సున్నిపెంట నుంచి దిగి, స్నానం కూడా చేయకుండా నేరుగా వచ్చాడు. బండి చూడనీ, అంతసేపు పట్టదు, అక్కను తీసుకుపోయే బండి కదా అన్నాడు.

మోషే నడిపాడు, రహిమాన్ పక్కన కూర్చున్నాడు. పాత బస్టాండు వైపు గుంతల్లో పోనిచ్చాడు, స్పీడు బ్రేకర్లు ఎక్కించాడు, కావాలనే ఒక పక్క చక్రాన్ని రాళ్ల మీదికి తోలాడు. తిరిగొచ్చి జాకీ మీద లేపి చక్రాలు ఊపాడు. కిందికి దూరి చూశాడు. బయటికొచ్చి పకపకా నవ్వాడు.

"ఏ సప్పుడూ లేదన్నా. ఆ కడ్డీ రబ్బరొక్కటే పోయింటాది, అది నువ్వు ట్యూబు చుట్టినప్పుడే బాగైపోయింది. బండి పట్టు మాదిరుంది. ఇన్ని దినాలు యాల విప్పుతా కూచున్యావ్?"

ఇంకేదో అనబోయి, రహిమాన్ మొహం చూసి, నవ్వు ఆపేశాడు. అక్కను బేగా తీసుకుపో అన్నా అని ఎడమ చెవి దగ్గర చెప్పి, టవలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రహిమాన్ కొంతసేపు బండి పక్కనే నిలబడ్డాడు. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, ఆ స్టూలు మీదినుంచి లేచిన చెయ్యి. అతనికి ముందు సిగ్గేసింది. మోషే ముందర తలవంపులని కాదు, పెళ్లాం తనను గుడ్డివాణ్ణి చేసి ఆడించిందని. తర్వాత ఒళ్లు మండిపోయింది. విసవిసా లోపలికి పోయాడు.

బీజాన్ గోడకు ఆనుకుని, కొత్త పరుపుకు ఏకిన దూది ఒళ్లో పెట్టుకుని, గింజలు ఏరుతోంది. అతన్ని చూడగానే దూది పక్కన పెట్టింది.

"సప్పుడు లేదంట," అన్నాడు.

"లేదు," అంది. ఊపిరి కూడదీసుకుని, అతను పక్కన కూర్చునేదాకా ఆగి, ఎడమ చెవి దగ్గరికి వంగింది. "మొదటి దినం నిజంగానే వచ్చింది. నువ్వు ట్యూబు సుట్టినాక పోయింది."

"మరి నన్నెందుకు మోసం జేసినావ్?"

"ఆదివారం గుర్తుందా? పొద్దున లేసి ఇద్దరం టీ తాగినాం. రేపు సూదులు పొడిపిచ్చుకోవాల నేను, రేపు నన్ను మోసుకుపోవాల నువ్వు, ఆ దిగులు లేకుండా తాగినాం. బండి ఇట్లే ఉంటే పోయే పనుండదు గదా అనుకున్యా. నాలుగేండ్లలో నా మాదిరి నేనుండింది ఈ నాలుగు దినాలేనయ్యా." కాసేపు ఆయాసపడింది. "నాకా మిషను వద్దు. ఇంక సాలు. నీతో మొకమ్మింద చెప్పలేక ఇట్ల చెప్పినా."

"నువ్వు సాలంటే అయిపాయనా? నాకు సాలొద్దా?" అన్నాడు రహిమాన్. తన గొంతు ఎంత గట్టిగా ఉందో అతనికి తెలియలేదు, వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

అతను జవాబు కోసం ఆగలేదు. చీర సర్దాడు, చెప్పులు తొడిగాడు, ఎప్పుడూ తీసుకుపోయే దిండూ దుప్పటీ బండిలో పడేశాడు. చేతులు రెండూ చంకల కింద వేసి లేపి, ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాడు. ఆమె పెనుగులాడలేదు. పెనుగులాడి ఉంటే బాగుండు అనిపించింది అతనికి. మాట వినే పిల్లలా ఎటు జరిపితే అటు జరిగింది.

నంద్యాల రోడ్డు ఎక్కాక అతను ఎన్నడూ లేనంత వేగంగా తోలాడు. దారి పొడుగునా మాట్లాడాడు. అంగడి మూసేస్తానన్నాడు. నంద్యాలలోనే ఆసుపత్రి పక్కన ఇల్లు చూస్తానన్నాడు, ఇంత దూరం తిరిగే బాధ తప్పుతుందన్నాడు. పర్వీన్‌ను పిలిపిస్తానన్నాడు. సూదులు నొప్పి లేకుండా పొడిచే నర్సును అడుగుతానన్నాడు. బీజాన్ అద్దంలోంచి పొలాల వైపు చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకున్నట్టు మెల్లగా పీల్చుకుంటోంది. ఆమె ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా సూదులు దిగిన చోటల్లా గడ్డలు గడ్డలుగా లేచిన చెయ్యి అది. నాలుగేళ్లుగా ఆ చెయ్యి పట్టుకునే నడిపిస్తున్నాడు గానీ, ఆ గడ్డల్ని ఇంత తేరిపార చూసింది లేదు. చూడబుద్ధి కాక తలతిప్పుకునేవాడు.

అట్లా చూస్తుంటే అతని నోటి మాట ఆగిపోయింది. ఈమెను బతికించుకోవాలని తిప్పుతున్నానని ఊరంతా అంటోంది, తనూ అదే అనుకున్నాడు. నిజానికి ఆమె లేకపోతే రేపు అంగట్లో ఎవరేమన్నారో చెప్పేదెవరు, రాత్రి తలుపు తడితే లేపేదెవరు అన్న భయమే పెద్దదేమో! ఎవరి కోసం తోలుతున్నాడు ఈ బండిని? ఛీ, ఇట్లాంటి ఆలోచన ఇప్పుడేంటని తన్ను తానే తిట్టుకుని, కాలు ఇంకా గట్టిగా నొక్కాడు.

శిరివెళ్ల దాటారు. రోడ్డు నున్నగా ఉంది, గుంత లేదు, స్పీడు బ్రేకరు లేదు. బీజాన్ బెల్టు లాక్కుంటూ ఇటు జరిగింది. గడ్డలు కట్టిన చెయ్యి అతని మోచేతి మీద వేసి, చెవి దగ్గరికి వంగింది.

"ఏమయ్యా, సప్పుడొస్తాంది."

అతను ఆమె కేసి చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. అబద్ధం చెప్పేవాళ్లు అట్లా కళ్లలోకి చూడరు. లేదని తనకు తెలుసు, తనకు తెలుసని ఆమెకూ తెలుసు. ఈసారి మోసం చేయడం లేదు. అడుగుతోంది.

రోడ్డు వైపు చూస్తూ కొంత దూరం తోలాడు. నంద్యాల ఇంక ఎంతో లేదు. ఇట్లాగే పోతే వాళ్లు మిషను మీద పడుకోబెడతారు, నీళ్లు తీసేస్తారు, సాయంత్రానికి ఊపిరి తేరుకుంటుంది. శనివారం మళ్లీ రావాలి. ఆ తర్వాత మళ్లీ రావాలి. ఆమె చెయ్యి అతని మోచేతి మీదే ఉంది. రెండోసారి అడగలేదు.

రహిమాన్ కళ్లల్లో నీళ్లు నిండి రోడ్డు మసకేసింది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఆమె చెయ్యి జారిపోతుందని అట్లాగే ఉంచాడు. కాలు కొంచెం కొంచెంగా వదిలాడు.

"అవునే," అన్నాడు. "నాకూ ఇనబడ్తాంది."

బండిని ఎడమ పక్కకు తీసి, వెనక లారీలన్నీ పోయేదాకా ఆపాడు. బీజాన్ అతని భుజానికి తల ఆనించి కళ్లు మూసుకుంది. అతను అద్దంలో ఒకసారి చూసుకుని, డివైడరులో సందు వచ్చేదాకా మెల్లగా పోనిచ్చి, బండిని ఆళ్లగడ్డ వైపు తిప్పాడు.